గుండు కింద ఆకుపచ్చ చీర

మా ఓనరాంటీ పోయారు. పొద్దున్నే ఆవిడ కొడుకు ఏడుపు వినబడి మెట్లు దిగి పరిగెత్తాను. నిద్రలోనే పోయారట. బంధువులింకా పూర్తిగా చేరనే లేదు, ఆ అబ్బాయి నన్ను పక్కకి పిలిచి, "అక్కా, అమ్మ ఫొటో ఏదన్న ఉన్నదా నీ దగ్గర? దండ ఏసెతందుకు మా దగ్గర ఒక్కటి సక్కగ లేదు" అన్నాడు. ఆ ఏడుపులోనూ విడ్డూరం అనిపించింది. ఆ ఇంట్లో ఫొటోలకి కరువా? హార్డ్ డిస్కుల నిండా ఆవిడ తీసినవే. ఒక్కదాంట్లోనూ ఆవిడ లేరు.

నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో వాళ్ల మూడంతస్తుల ఇల్లు. పైవాటాలో నేను. చుట్టూ ఎన్ని అద్దాల మేడలు లేచినా మా గల్లీ మాత్రం గల్లీగానే మిగిలింది. ఆంటీ పుట్టిందీ మెట్టిందీ అక్కడే. భర్త పోయాక ఏమీ తోచక, ఒక నెల కిరాయిలన్నీ పెట్టి కెమెరా కొనుక్కున్నారు. "నలుగురిల కూసుంటే కోడళ్ల ముచ్చట్లే. గిదైతే నోరు మూసుకొని చూడాలె" అనేవారు. నోరు మూసుకున్నది మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

నేను కాకినాడ నుంచి ఉద్యోగానికొచ్చిన కొత్తలో, మా ఆఫీసు బిల్డింగుని గేటు దగ్గరే నిలబడి, ఫోను పైకెత్తి ఫొటో తీసుకున్నాను. ఇంట్లో వాళ్లకి పంపి మురిసిపోయి, ఆంటీకీ చూపించాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చూశారు.

"కట్టినోళ్లు సీదనే కట్టిండ్రు గదా బిడ్డా, నువ్వెందుకు ఎనకకు పండవెట్టినవ్?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "అంత పెద్దది ఇంకెలా పడుతుందండీ?" అన్నాను. ఆదివారం నన్ను అక్కడికే లాక్కెళ్లారు. ఫోను ఎత్తొద్దు, నువ్వే జరుగు, అన్నారు. రోడ్డు దాటించారు. డివైడరు, అవతలి ఫుట్‌పాతు, ఇంకా అవతల బస్‌స్టాపు. అక్కడ ఫోను నిటారుగా పట్టుకుని చూస్తే, ఆ మేడ మొత్తం తిన్నగా లేచి నిలబడింది. రోజూ దాని కడుపులోకి దూరి బయటికొచ్చేదాన్ని. అంత అందమైందని ఆ రోజే తెలిసింది. అక్కడే కాసేపు అప్పుడే ఊళ్లోకి దిగినదానిలా చూస్తూ ఉండిపోయాను.

ఇక అప్పట్నుంచి ఆదివారాలన్నీ ఆవిడవే. ఫొటో తీశాక అడిగే మొదటి మాట, "నాలుగు మూలలు ఊడ్చినవా?" ఇల్లు ఊడ్చి మూలలు వదిలేస్తామా? అలాగే బొమ్మలోనూ. నేను మేడనే చూసుకుంటూ ఉంటే మూలల్లో కరెంటు తీగ, ఎవడిదో హెల్మెట్, సగం కుక్క. వాన వెలిశాక దుర్గం చెరువు దగ్గర నీళ్లూ ఆకాశమూ తీసి చూపిస్తే తల అడ్డంగా ఊపారు. "కాళ్లకాడ ఏమన్న వెట్టు. గడప లేని ఇంట్లకు మనిషెట్ల వస్తడు?" అంటూ, నన్ను గడ్డిమొక్క పక్కన కూర్చోబెట్టారు. ఆ మొక్క ముందుకొచ్చేసరికి చెరువు వెనక్కి వెనక్కి జరిగి, ఎంత దూరం పోయిందో! ఒట్టి గడ్డిమొక్క. అదే చేసింది ఇదంతా.

వెలుతురు కోసం మాత్రం చంపుకు తినేవారు. టిఫిన్ డబ్బాలో జొన్నరొట్టె, పచ్చడి పెట్టుకుని బయల్దేరితే ఇక అంతే. మధ్యాహ్నం వెలవెలబోయే అద్దాల గోడల్లోకి సాయంత్రం ఎండ ఏటవాలుగా దిగుతుంది. ఎదుటి మేడ, మబ్బులు, క్రేన్లు అన్నీ వచ్చి అందులో కూర్చుంటాయి. రాయదుర్గం రోడ్డు మీద జనం తలొంచుకుని క్యాబులు వెతుక్కుంటుంటే, మేమిద్దరం నోళ్లు తెరుచుకుని నిలబడేవాళ్లం. "ఇగ సూడు" అనేవారు, మెల్లిగా. అదేదో ఆవిడే చేయించినట్టు ఉండేది.

ఇన్ని వచ్చిన మనిషికి ఒకటి మాత్రం చేత కాలేదు. మా ఇంటి వెనక ఒక గుండు ఉండేది. గుండంటే బండరాయి, కానీ మామూలు రాయి కాదు, మా మూడంతస్తుల కంటే ఎత్తు. పైన ఇంకో బండ, పడిపోతుందేమో అన్నట్టు, ఎన్ని యుగాల నుంచో పడకుండా కూర్చుని ఉండేది. ఆంటీ, ఆవిడ చెల్లెలు చిన్నప్పుడు దాని నీడలోనే ఆడుకున్నారట. ఆ స్థలం ఎవరో బిల్డరు కొన్నాడు. పేలుస్తారని తెలిసింది. ఆలోగా దాని ఫొటో ఒక్కటి సరిగ్గా రావాలి, ఆవిడ పట్టుదలంతా అదే. ఎలా తీసినా వెనకాల కొత్త టవరొకటి నిలబడి దీన్ని మింగేసేది. "ఏంది బిడ్డా గిది? నా గుండు గులకరాయి లెక్క కనవడ్తున్నది. రేపు లేకుంటవోతే, ఇంతే ఉండె అనుకుంటరు గదా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు అదే మొదటిసారి చూడటం.

పేల్చేందుకు రాయికి బెజ్జాలు కూడా వేశాక, ఒక ఆదివారం పొద్దున వాచ్‌మన్‌ని బతిమాలి లోపలికి వెళ్లాం. ఆవిడ చాలాసేపు తీశారు, చిరాకు పడ్డారు, చివరికి కెమెరా నా మెళ్లో వేసేశారు. "నువ్ తియ్యి. నేను పోయి దాని కింద నిలవడ్త. పక్కన మనిషుంటే ఎంతున్నదో తెలుస్తది." మనిషొస్తే కళ్లు మనిషి మీదికే పోతాయని ఏ బొమ్మలోకీ ఎవర్నీ రానివ్వని మనిషి! రాళ్ల మీద మోకాళ్లు పట్టుకుంటూ నడిచి, ఆకుపచ్చ చీర కొంగు నడుముకి దోపుకుని నిలబడ్డారు. అక్కణ్నుంచి ఫోను చేసి ఒకటే ఆజ్ఞలు.

"కూసో. ఇంకా కిందికి. ఏమైతది, బట్టలు ఉతుక్కోవచ్చు. పండుకో."

"మీరే కదండీ పైకెత్తి తీయొద్దన్నారు?"

"అది బిల్డింగుకు. దీనికి సీద గీతలున్నయా? ఎత్తు!"

దుమ్ములో బోర్లా పడుకున్నాను. నేను దిగినకొద్దీ టవరు ఒక్కో అంతస్తే గుండు వెనక్కి దిగిపోయింది. ఆఖరి అంతస్తు కూడా మాయమైంది. ఇక ఆకాశం, ఆ రాయి, దాని పాదాల దగ్గర గోరంత ఆకుపచ్చ. ఏడేళ్లుగా దాని పక్కనే బట్టలారేసుకుంటున్నాను, దాని సైజు నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత పేల్చారు. కిటికీలు అదిరాయి. ఆంటీ ఆ రోజులన్నీ కెమెరా ముట్టుకోలేదు. ఇప్పుడు ఆవిడా లేరు.

ఆ ఫొటోనే వాళ్లబ్బాయికి పంపాను. "అక్కా, ఇందుల అమ్మ ఏది?" అన్నాడు. చూపించాను. స్టూడియోవాడు ఆవిణ్ని కత్తిరించి పెద్దది చేస్తే, మొహం గళ్లుగళ్లుగా విడిపోయింది. ఆధార్ ఫొటో పెట్టేద్దామని ఒకరు, ఇంకాస్త ప్రయత్నించమని ఒకరు. నేను ఆగలేకపోయాను. "ఆవిడ తన కోసం నిలబడలేదండీ, దాని కోసం నిలబడ్డారు. కత్తిరించకండి" అని గట్టిగానే అన్నాను. "రాయికి దండ ఏస్తరా అమ్మా ఎవరన్న?" అన్నాడు వాళ్ల బాబాయి. అద్దెకున్నదాన్ని, అంతకంటే ఏమనగలను? ఆ అబ్బాయి ఫోనుని చేయి చాచి దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు. మర్నాడు మొత్తం ఫొటోని పెద్దగా అచ్చు వేయించి తెచ్చాడు.

దినాల రోజున షామియానా కింద కుర్చీ మీద పెట్టి దండ వేశారు. వచ్చినవాళ్లు వంగి, అద్దానికి ముక్కు ఆనించి ఆంటీని వెతుక్కున్నారు. ఆవిడ చెల్లెలు మాత్రం వంగలేదు. వచ్చి ఎదురుగా నిలబడింది.

"అబ్బ! గుండు గింతగనం ఉంటుండె" అంది.

ఫొటో కుర్చీ మీద, ఆ చెల్లెలి నడుమంత ఎత్తులోనే ఉంది. ఆవిడ మాత్రం తల పూర్తిగా వెనక్కి వాల్చి, జారుతున్న కొంగుని ఒక చేత్తో పట్టుకుని, పైకి చూస్తోంది.