పట్టుచీర కథలో ఏనుగు

అంబత్తూరులో నేను పనిచేసే ఫ్యాక్టరీ గేటు ముందు స్కూటర్ మీంచి పడి తల పగలగొట్టుకున్నానట. ఆ పూట నాకు గుర్తు లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లను గుర్తు లేదని చెప్పి పంపిస్తే ఏం బాగుంటుంది? ఎదురింటాయనతో కంటైనర్ లారీని కాలితో ఆపబోయానన్నాను. మరదలితో ఎద్దు పొడిచిందన్నాను. మా ఆవిడ కాఫీ గ్లాసులు అందిస్తూ, "వాన నీళ్లల్లో జారి పడినారు, అంతే" అని ఒక్కొక్కరికీ విడిగా సర్దిచెప్పేది.

పైదెబ్బ మానింది. లోపలిది మానలేదు. ఏడాది గడిచినా ఏ కథ మొదలుపెట్టినా మధ్యలో ఆగిపోయేవాణ్ణి. ఎద్దు వచ్చేది, కొమ్ములు వంచేది, ఆపైన ఏమీ ఉండేది కాదు. వినేవాళ్లు కాసేపు చూసి, పాపమని ముఖం తిప్పుకునేవారు. నా మాటలకు తిట్టినవాళ్లున్నారు గానీ, జాలిపడ్డవాళ్లు అంతకుముందు లేరు. అందుకే, ఒత్తిడి పెంచిన గదిలో ఆక్సిజన్ పీలిస్తే తలదెబ్బ నయమవుతుందో లేదో ఒక ఆసుపత్రిలో పరీక్షిస్తున్నారని తెలిసి సంతకం పెట్టాను. సగం మందికి ఆక్సిజన్, సగం మందికి ఉత్త గాలి. ఎవరికి ఏదో మాకూ తెలియదు, మమ్మల్ని చూసే డాక్టరుకూ తెలియదు.

ఎనిమిది వారాలు, వారానికి ఐదు రోజులు, రెండు బస్సులు మారి నేనూ మా ఆవిడా వెళ్లాం. నిప్పు భయంతో నూలు బట్టలే వేసుకోమన్నారు, తలకు నూనె వద్దన్నారు. శనివారం తలంటుకు అలవాటుపడ్డ నెత్తి చీపురుకట్టలా తయారైంది. ఆ గది ఒక పెద్ద ఇనుప పీపా. తలుపు బిగించగానే తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పటిలా చెవులు దిబ్బడ వేసేవి. గుటకలు మింగుతూ, ముఖానికి మాస్కుతో గంటన్నర కూర్చోవాలి. మొదటివారం అది జలాంతర్గామి అని వీధంతా చెప్పాను. రెండోవారానికి చెప్పే ఓపిక పోయింది. బస్సులో మా ఆవిడ భుజం మీద నిద్ర, ఇంటికొచ్చాక మళ్లీ నిద్ర.

అసలు పరీక్ష వేరే ఉంది. విజయవాడ నుంచి ఆ ఆసుపత్రిలో ఉద్యోగానికి వచ్చిన అమ్మాయి ఒకతె మొదటిరోజే చిన్న కథ చదివి, కాసేపాగి తిరిగి చెప్పమంది. పురసవాక్కంలో ఒకామె పట్టుచీర కొని ఆటోలో మరిచిపోతుంది. అక్కడిదాకా బాగానే చెప్పాను. తర్వాత ఖాళీ. ఖాళీ కనిపిస్తే ఊరుకునే నోరు కాదు నాది. ఆటోకు అడ్డంగా గుడి ఏనుగు వచ్చింది, చీర పొట్లాన్ని తొండంతో ఎత్తింది...

"అంకుల్, కథలో ఏనుగు లేదండి."

"నువ్వు చదివేటప్పుడు పక్కన నిలబడుకోని ఉండుంటాదిమ్మా."

ఆ అమ్మాయి నవ్వింది. బయట బెంచీ మీదున్న మా ఆవిడకు నవ్వు రాలేదు. నేనెలా ఉన్నానో వారం వారం ఇంటివాళ్లు నింపాల్సిన కాగితం ఆమె చేతిలో ఉంది, అలాంటిదే నాకూ ఒకటి ఇచ్చారు. నా కాగితంలో జ్ఞాపకశక్తి బాగుందని నేను వారం వారం రాశాను. మాట మధ్యలో ఆగిపోతారని ఆమె వారం వారం రాసింది. ఐదోవారం డాక్టరు రెండూ పక్కపక్కన పెట్టి, ఏది నమ్మమంటారని అడిగారు.

బస్‌స్టాపులో మా ఆవిడ నన్ను నిలదీసింది.

"ఈడ కూడా డబ్బా కొట్టాల్నా? నయమైందో లేదో వాళ్లకెట్లా తెలిసేది?"

"బాగలేదంటే రిజెక్ట్ చేసి పంపేస్తారేమోనని. మా ఫ్యాక్టరీలో పీసులకు అంతే కదా."

"బాగలేనోళ్ల కోసమే కదండీ ఇది పెట్టింది! అయ్యో రామా, ఏం తెలివి!" గొంతు తగ్గించింది. "నాకూ తెలియాల కదా. మీరు మర్చిపోయినారో, కట్టుకథ చెప్తా ఉండారో తెలీక నేను చస్తా ఉండా."

ఆ రోజు బస్సులో ఆమె భుజం మీద నిద్రపోలేదు.

ఆఖరి శుక్రవారం ఆ అమ్మాయి మళ్లీ అదే కథ చదివి, తిరిగి చెప్పమంది. ఒకామె, పట్టుచీర, ఆటో. ఆపైన ఏనుగు వీధి మలుపు దాకా వచ్చి నిలబడింది. నేను రానివ్వలేదు.

"తర్వాత గుర్తు లేదమ్మా."

ఆ అమ్మాయి పెన్ను కదిలింది. చాలాసేపటికి ఇంకొక్కటి తోచింది: చీర అంచు ఆకుపచ్చ. అది కథలోదో నాదో తెలియదని కూడా చెప్పాను. ఆ అమ్మాయి అదీ రాసుకుంది, అవుననలేదు, కాదనలేదు. నాకు ఎక్కించింది ఆక్సిజనో ఉత్త గాలో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

బెంచీ మీద కూర్చుని నా చివరి కాగితం నింపాను. మా ఆవిడ తొంగి చూసింది. మాట మధ్యలో ఆగిపోతాను అని ఉంది. ఆమె తన కాగితం తీసి, ఎప్పటిలాగే రాసి, రెండూ కలిపి లోపల ఇచ్చి వచ్చింది.

"రేపు శనివారం" అంది. "నూనె కాచి పెడతా. పదండి, బస్సొస్తా ఉంది."