మంత్రం వేసే కాంపౌండరు

పోయిన నెల మా ఆవిడ కంట్లో శుక్లం తీయించడానికి రోజు ఖాయం చేసుకుందామని శ్రీకాకుళంలో ఒక పెద్దాసుపత్రికి వెళ్ళాం. రక్తపరీక్ష కాగితం చేతికి రావడానికి గంట పడుతుందన్నారు. పక్క భవనంలో పాతకాలపు వైద్యం, కోతలు, వాటి పనిముట్లు చూపించే మ్యూజియం ఒకటి కొత్తగా పెట్టారనీ, అందులో ఏసీ కూడా ఉందనీ ఎవరో చెబితే, నిజం చెప్పాలంటే ఆ రెండో సంగతికే ఆశపడి లోపలికి నడిచాం. ముప్పై ఎనిమిదేళ్ళు కాంపౌండరుగా పని చేసిన నేను, ఆ మ్యూజియంలో ఒక మైనపు బొమ్మని చూసి, నలుగురి ముందూ మూర్ఛపోయాను.

ఇందులో నవ్వుకోవలసింది ఎంత ఉందో, నా ప్రాణానికి వచ్చింది కూడా అంతే ఉంది. ఎందుకంటే ఆ రోజు పొద్దున ఆటోలో వస్తూ మా ఆవిడ, ఈపాలి మటుకు నా పక్కన ఉండాల బావా, అని ఒక్క మాట అంది. నలభై రెండేళ్ళ కిందట విజయనగరంలో ఆవిడ కడుపు కోసి అపెండిక్సు తీసినప్పుడు నేను లోపల లేను. ఊరందరికీ గడ్డలు కోస్తుంటే పక్కన నిలబడి చెయ్యి పట్టుకున్న మొగుడు, కట్టుకున్న పెళ్ళాన్ని కోసిన రోజున మాత్రం డిస్పెన్సరీలో పని ఉందని కబురంపాడన్నది ఆవిడ ఫిర్యాదు. పప్పులో ఉప్పు ఎక్కువైందన్న దగ్గర మొదలైన తగువు కూడా మా ఇంట్లో తిరిగి తిరిగి అపెండిక్సు దగ్గరికే చేరుతుంది. ఈసారి ఏం చెప్పి తప్పించుకోవాలా అని నేను ఆటోలోనే లెక్కలు వేసుకుంటున్నాను.

మ్యూజియంలో మొదటి గది నా సొంత గదిలాగే ఉంది. గాజు సిరంజిలు, వాటిని ఉడకబెట్టే స్టెరిలైజరు, చిక్కుడు గింజలా వంగిన ట్రే, మాత్రలు నూరే కల్వం, అన్నీ అద్దాల పెట్టెల్లో పెళ్ళికూతుళ్ళలా కూర్చున్నాయి. మిక్స్చరు సీసా పక్కన అంటించి ఉన్న, రంపంలా పళ్ళున్న కాగితం ముక్క దేనికో తెలియక ఒక కుర్ర జంట బుర్ర గోక్కుంటుంటే నాకు ఆగలేదు. జేబులోని బస్సు టిక్కెట్టు తీసి, నిలువుగా మడిచి, అంచుల్లో గోటితో చిన్న చిన్న గాట్లు పెట్టి విప్పి చూపించాను. ఒక్కో పన్ను ఒక్కో డోసు, పూటకో పన్ను కిందికి తాగాలి, అక్షరం ముక్క రానివాడికి కూడా మందు లెక్క తప్పదు అని చెబితే వాళ్ళూ, అక్కడ అన్నీ వివరించే అమ్మాయీ కూడా నోళ్ళు తెరిచి విన్నారు. మా ఆవిడ పక్కనే నిలబడి, మా బావ కాంపౌండరు, అని గొప్పగా చెప్పుకుంది. నేను ఛాతీ విరుచుకుని రెండో గదిలోకి దారి తీశాను.

రెండో గదిలో మొదటి బొమ్మ, బల్ల మీద బోర్లా పడుకున్న మనిషిది. తొడ మీద గడ్డ, గడ్డ మీద కత్తి, కత్తి కింద ఎర్రటి లక్క. ఆ లక్క పూసినవాడెవడో గాని చాలా పనిమంతుడు. అంతవరకే నాకు గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి బెంచీ మీద ఉన్నాను. ఆ అమ్మాయి మొహం మీద నీళ్ళు చల్లుతోంది. షుగరు పడిపోయిందని చెప్పబోయాను గాని, పొద్దున నాచేత నాలుగు ఇడ్లీలు దగ్గరుండి తినిపించిన మనిషి ఎదురుగానే ఉంది. మా ఆవిడ నన్నూ, ఆ మైనపు బొమ్మనీ, మళ్ళీ నన్నూ మార్చి మార్చి చూసింది. శుక్లం ఉన్నా కొన్ని సంగతులు ఆడవాళ్ళకి బాగానే కనిపిస్తాయి. ఇక దాచి లాభం లేదని ఆ బెంచీ మీదే మొత్తం చెప్పేశాను. అదే మీకూ చెబుతున్నాను, మన ఈడు వాళ్ళయితే కాస్త జాలి పడతారని.

నాకు నెత్తురంటే భయం. చిన్నప్పుడు మంగలి గెడ్డం గీస్తుంటే మా నాన్న బుగ్గ మీద చిన్న గాటు పడితే, పడిపోయింది మా నాన్న కాదు, నేను. అలాంటివాణ్ణి మా మేనమామ తీసుకెళ్ళి ఒక డాక్టరుగారి దగ్గర పెట్టాడు. మామకి శ్రీకాకుళం బజారులో బెల్లం దుకాణం. డాక్టరుగారిది అక్కడికి బస్సులో గంట దూరాన, సముద్రపొడ్డున ఒక ఊళ్ళో రెండు గదుల డిస్పెన్సరీ. నా మరదల్ని నాకు ఇవ్వాలని అమ్మకి ఆశ, నాకు అంతకు రెట్టింపు ఆశ. మామ మాత్రం, మా పిల్ల బొద్దింకని సూసినా కేకలేస్తాది, దానికి గుండె గట్టిదున్నోడు కావాల, కాంపౌండరుగా నిలదొక్కుకో, అప్పుడు సూద్దాం, అన్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

మందులు కలపడం, పొట్లాలు కట్టడం, డోసు కాగితాలు కత్తిరించడం నాకు పది రోజుల్లో పట్టుబడింది. పదకొండో రోజున చేపలమ్మే ఒక ఆవిడ వచ్చింది. చేపముల్లు గుచ్చుకుని అరచెయ్యి గుమ్మడికాయలా వాచింది. డాక్టరుగారు చల్లటి మందు పిచికారీ చేసి, ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకోమని నాతో చెప్పి కత్తి అందుకున్నారు. నేను మణికట్టు పట్టుకుని, మొహం గోడ వైపు తిప్పి, కళ్ళు గట్టిగా మూసేశాను. ధ్యాస మళ్ళించుకోడానికి ఏదో ఒకటి వల్లించాలని, విజయనగరంలో చదువుకున్న రోజుల్లో ఆమదాలవలసలో ఎక్కే పాసింజరు బండి గుర్తొచ్చి, అది ఆగే స్టేషన్లు పెదవుల్లోనే మొదలుపెట్టాను. దూసి, పొందూరు, సిగడాం, బాతువ, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల. విజయనగరం చేరేసరికి చీము అంతా పోయి, డాక్టరుగారు కట్టు కడుతున్నారు. నేను ఇంకా నిలబడే ఉన్నాను.

చేపలావిడ మాత్రం కళ్ళు తెరుచుకునే ఉందట. తన చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, చెమటలు కారుస్తూ, పెదవులు ఆడిస్తున్న కుర్రాణ్ణి చూసి ఆవిడ తన లెక్క తాను వేసుకుంది. ఓలమ్మ, ఈ బాబు మంత్రం ఏసినాడు, కోసినట్టే తెలవనేదు, అని బయట కూర్చున్నవాళ్ళతో చెప్పింది. అక్కడితో ఆగినా బాగుండేది. రోజుకు నాలుగూళ్ళు తిరిగి చేపలమ్మే మనిషి, తట్టతో పాటు ఆ మాటనీ మోసుకెళ్ళింది.

నెల తిరిగేసరికి, కత్తి పేరు చెబితే ఇసకలో పడి పారిపోయే మనుషులు కూడా గడ్డలతో రావడం మొదలుపెట్టారు. వచ్చినవాడల్లా డాక్టరుగారి కోసం కాదు, మంత్రం బాబు ఉన్నాడా అని అడిగేవాడు. నేను బజారుకు వెళ్తే తిరిగొచ్చేదాకా కత్తి ముట్టనిచ్చేవారు కాదు. నెత్తురు చూడకుండా మందుల గదిలో దాక్కుందామనుకున్నవాణ్ణి, పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు, ప్రతి కోతకీ నన్నే ముందు నిలబెట్టారు. చిన్న గడ్డయితే చీపురుపల్లితో సరిపోయేది. తొడ మీద లోతు గడ్డయితే విజయనగరం దాకా పోయి, మళ్ళీ వెనక్కి ఆమదాలవలస రావలసి వచ్చేది. డాక్టరుగారు మంత్రాల్ని నమ్మే మనిషి కాదు. ఏమిటయ్యా నువ్వు గొణిగేది అని ఒకసారి నిలదీస్తే, మా తాతగారి ఉపదేశం, బయటికి చెప్పకూడదండీ అన్నాను. రోగి కదలకుండా ఉంటున్నాడు కదా అని ఆయన కూడా ఊరుకున్నారు.

ఇలా రెండేళ్ళు నడిచాక మా మామకి లేచింది గడ్డ. పొద్దస్తమానం బెల్లం దిమ్మల మధ్య కూర్చునే మనిషికి సరిగ్గా కూర్చునే చోటే లేచింది. శ్రీకాకుళం నించి బస్సులో గంటసేపు నిలబడే వచ్చాడు. నా పేరు అప్పటికే ఆయన దుకాణం దాకా పాకింది గనక, మా అల్లుడి వరసోడు పట్టుకుంటేనే కోయించుకుంటాను, అని పట్టుబట్టాడు. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, తలవైపు నిలబడి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. ఇవాళ నా గుండె గట్టిదో కాదో మామ తేల్చేస్తాడన్న కంగారులో నా గొణుగుడు పైకే వినిపించింది, నాలిక తడబడింది. దూసి దాటాను, పొందూరు దాటాను, సిగడాం నించి సరాసరి చీపురుపల్లికి దూకేశాను.

కత్తి పడ్డ క్షణాన మామ ఓలమ్మా అని, చనిపోయి ఇరవై ఏళ్ళయిన మా అమ్మమ్మని గావుకేక పెట్టి పిలిచి, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు మధ్యలోనే, బల్ల మీద ఉన్న మొహం ఎత్తకుండా, ఒరే, బాతువ ఏదిరా, మజ్జిన బాతువ ఉన్నాది కాదేటి, అన్నాడు. వారానికోసారి విజయనగరానికి బెల్లం వేసుకెళ్ళేది ఆయన కూడా ఆ బండిలోనేనన్న సంగతి నేను మరిచిపోయాను. అదిరిపడి కళ్ళు తెరిచాను. తెరవకూడని వైపే తెరిచాను. తరవాత డాక్టరుగారు చెప్పిందేమిటంటే, నేను మామ వీపు మీదే అడ్డంగా పడ్డానట. ఆయన ఒక చేత్తో గడ్డకి దూది అదుముతూ, రెండో చేత్తో నన్ను కిందికి జారకుండా పట్టుకున్నారట.

తెలివి వచ్చేసరికి డాక్టరుగారు గదిలో లేరు. వెనకవైపు నించి ఆయన నవ్వు వినిపిస్తోంది. తేలు కుట్టిన దొంగలా నేనూ, కళ్ళు తుడుచుకుంటూ మామా ఒకరినొకరం చూసుకున్నాం. మామే ముందు అన్నాడు. సూడొరే అల్లుడా, నాను అమ్మా అని ఏడిసినట్టు నీకు తెలవదు, నువ్వు పడిపోనట్టు నాకు తెలవదు. వరస తగిలించకుండా అల్లుడా అని ఆయన నన్ను పిలవడం అదే మొదటిసారి. ఆ వేసవిలోనే పెళ్ళయింది. పోయేదాకా మామ మాట తప్పలేదు, డాక్టరుగారు కూడా బయటపెట్టలేదు.

కాని, దాంతో నాకు కొత్త చిక్కు వచ్చి పడింది. మా ఆవిడ, మంత్రం వేసే కాంపౌండరునే తాను చేసుకున్నానని నమ్మింది. పక్కింటివాళ్ళకి చెప్పుకుని మురిసిపోయింది. ఆ మురిపెం చూశాక నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇవాళ కాదు రేపు అనుకుంటూ ఉండగానే నాలుగేళ్ళకి ఆవిడకి కడుపునొప్పి వచ్చింది.

విజయనగరంలో కోసిన డాక్టరు, మా డాక్టరుగారి స్నేహితుడు. మన మనిషే గదా, లోపల ఉండనీండి, అన్నాడు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని, నువ్వు మంత్రం ఏస్తే నాకేటి బయం బావా, అంది. గౌను తొడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను. లోపల ట్రేలో పనిముట్లు ఒకదానికొకటి తగిలి మోగాయి. అంతే, కాళ్ళు రాలేదు. పనుందని పిలుపొచ్చి ఊరెళ్ళిపోయానని చెప్పమని అక్కడి ఆయా చేతులు పట్టుకుని బతిమాలి, వరండాలో స్తంభం వెనకాల కూలబడ్డాను. ధైర్యం కోసం స్టేషన్లు తలుచుకుందామంటే దూసి దాటి ఒక్కటీ నోటికి రాలేదు. ఊరందరి నొప్పికీ పనికొచ్చినవాణ్ణి, నా మనిషి నొప్పికి పనికిరాకపోయాను. ఆవిణ్ణి బయటికి తెచ్చేదాకా అక్కడే ఉండి, తరవాత మొహం కడుక్కుని, నాలుగు బత్తాయిలు కొనుక్కుని, అప్పుడే బస్సు దిగినవాడిలా వార్డులోకి వెళ్ళాను.

ఇదంతా విని మా ఆవిడ తిట్టలేదు. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వనూ లేదు. మామ ఏడ్చిన దగ్గర మాత్రం పెదవి కొంచెం కదిలింది. ఎంత సేపు కూసున్నావు, అని అడిగింది. నిన్ను తెచ్చేదాకా, అన్నాను. నాను లోపల గోడేపు మొకం తిప్పుకుని పడుకున్నాను, అంది. ఒకే గోడకి ఆ పక్కన తనూ, ఈ పక్కన వరండాలో నేనూ. ఆ ఒక్క సంగతి చెప్పలేక నలభై రెండేళ్ళు ఉప్పు మీదా పప్పు మీదా పెట్టి దెబ్బలాడుకున్నాం. నాకు నా మీదే ఒళ్ళు మండింది.

అందుకే కంటి విభాగానికి తిరిగి వెళ్ళగానే, మా ఆవిడ వారిస్తున్నా వినకుండా, ఆపరేషనప్పుడు నేను లోపల పక్కనే ఉంటానని నర్సమ్మతో గట్టిగా చెప్పాను. పడిపోతే పడిపోతాను, ఆసుపత్రిలోనే గదా పడేది. ఆ పిల్ల ఓపిగ్గానే చెప్పింది. ఇప్పుడు లోపలికి ఎవరినీ రానివ్వరట. నెత్తురు చుక్క కనిపించదట, కుట్టు కూడా ఉండదట, పావుగంటలో అయిపోతుందట, బయట హాల్లో కుర్చీలో కూర్చుంటే పేరు తెర మీద పడుతుందట.

మంచిదే. ఆనాటి కేకలూ, ఆ చీమూ, ఈగలు ముసిరే ఆ గదులూ మళ్ళీ రావాలని ఎవరూ కోరుకోకూడదు. నేను అసలే కోరుకోను. కాని అప్పట్లో ఒక గడ్డ కోయాలంటే కాళ్ళు పట్టుకోడానికి బావమరిదీ, తల నిమరడానికి తల్లీ, కిటికీలోంచి తొంగి చూడ్డానికి సగం పేటా ఉండేవారు. కళ్ళు మూసుకున్న కాంపౌండరుకి కూడా అక్కడ ఒక చోటు ఉండేది. ఇప్పుడు నొప్పి లేదు, కోతకి భయపడవలసిన పనీ లేదు, పక్కన నిలబడే మనిషికి చోటూ లేదు. నాకు లోపలికి వెళ్ళే ధైర్యం వచ్చేసరికి, లోపలికి వెళ్ళే రోజులే పోయాయి.

ఈ మాటే కాస్త గొంతు పెంచి మా ఆవిడతో అన్నాను. ఆవిడ సంతకం పెట్టిన కాగితం నర్సమ్మకి ఇచ్చేసి, కళ్ళజోడు సర్దుకుని, నా వైపు తిరిగింది.

"బయటే కూసో బావా. ఈపాలి నువ్వు బయటున్నావని నాకు తెలిసుంటాది."