ఆదర్శనగరంలో అంట్లు తోమేదెవరు?

అట్ట కట్టడానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ చదివేయడం బైండరు ఎంతకీ మానుకోలేని జబ్బు. జిగురు ఆరేలోపు ఒక అధ్యాయం, బరువు కింద పుస్తకం బిగిసేలోపు ఇంకొకటి. ముందు గది దుకాణం, వెనక గది కాపురం.

ఒకరోజు కాలేజీ లెక్చరరు చిరిగిన పుస్తకం ఒకటి తెచ్చాడు. ఎవరో పండితుడు ఊహించిన ఆదర్శనగరం గురించి.

"ఇది బాగా కుదిరితే మా లైబ్రరీ పుస్తకాలన్నీ నీకే," అన్నాడు.

బైండరు కాలు నేల మీద నిలవలేదు. ఏళ్ల తరబడి ఆ లైబ్రరీ మీదే ఆయన కన్ను. లైబ్రరీ మొత్తం చదివేయొచ్చు!

తీరా విప్పి చూస్తే మధ్యలో కలిపి కుట్టే పదహారు పేజీల మడత ఒకటి లేదు. ఆ నగరంలో రాజు లేడు, తగాదా లేదు, తలుపులకు తాళం లేదు. ఇంటి పని ఎవరు చేస్తారో చెప్పబోయే చోటే పుస్తకం చేతులెత్తేసింది.

"ఎవరు చేస్తారంటావే?" అని వెనక గదిలోకి తొంగిచూశాడు.

అంట్లు తోముతున్న భార్య తలెత్తలేదు. "చెబుతాను, రాసుకోండి."

వండినవాళ్లు తోమకూడదు. తిన్నవాడు తన కంచం తనే కడగాలి. కూర్చున్న చోటునుంచి 'మంచినీళ్లు' అని కేకేసినవాడికి వారం రోజులు గ్లాసులు తోమే శిక్ష. బైండరు మొదట నవ్వాడు. తర్వాత తల వంచుకుని రాశాడు. 'ఈ పేజీలు మా ఇంట్లో పూరించినవి' అని పైన రాసి మరీ పుస్తకంలో కుట్టేశాడు.

పుస్తకం తీసుకెళ్లిన లెక్చరరు వారం తిరక్కుండానే దాన్ని పట్టుకుని మళ్లీ ఊడిపడ్డాడు. చేతివేళ్లు నాని ముడతలు పడి ఉన్నాయి.

"ఏమయ్యా, నీకు నేనేం అన్యాయం చేశాను? మా ఆవిడ సరిగ్గా ఈ పేజీలే చదివింది. ముందూ వెనకా ఒక్క ముక్క ముట్టుకోలేదు! ఇవి పీకెయ్. లైబ్రరీ రేపే పంపిస్తాను."

బైండరు కత్తెర తీశాడు. వెనక గదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ చెప్పిన మాట తను రాసుకోవడం అదే మొదలని అప్పుడు తట్టింది ఆయనకు.

"కుదరదు సార్. ఒక్క మడత తీస్తే కుట్టంతా వదులైపోతుంది."

"విప్పి మళ్లీ కుట్టలేవా?"

"కుట్టగలను. కుట్టను."

లెక్చరరు విసవిసా వెళ్లిపోయాడు. ఆయన వెంటే లైబ్రరీ కూడా వెళ్లిపోయింది. బైండరు కాసేపు వీధి వైపు చూసి, వెనక గదిలోకి వెళ్లి భార్య చేతిలోని గిన్నె అందుకోబోయాడు.

"వదలండి, మీకు జిడ్డు పోగొట్టడం రాదు," అంది ఆవిడ. "వెళ్లి కాగితాలు తెచ్చుకోండి. బట్టలుతకడం గురించి చెప్పడం మరిచేపోయాను."