నీటుగా వచ్చిన ఈసీజీ

2022. తిరుత్తణి బస్టాండు వెనక వీధిలోని ఒక చిన్న గుండె క్లినిక్‌లో నేను ఈసీజీ టెక్నీషియన్‌ని. డాక్టరుగారు వారానికి మూడు రోజులు మద్రాసు నుంచి వచ్చేవారు. నాకప్పటికి పద్దెనిమిదేళ్ల సర్వీసు. అన్నేళ్లలో నాకు బాగా ఒంటబట్టిన సంగతి ఒకటుంది, పేషెంట్లు అబద్ధం చెబుతారని. బీడీ మానేసి ఏడాదైందంటారు, చొక్కా జేబులో అగ్గిపెట్టె కనబడుతూనే ఉంటుంది. అందుకే ఎవరేం చెప్పినా సగమే నమ్మేదాన్ని. అదేదో పెద్ద తెలివి అనుకునేదాన్ని కూడా.

మునిరత్నం వచ్చింది ఒక శుక్రవారం పొద్దున. నలభై రెండేళ్లు. మద్రాసు దారిలోని పట్టాభిరామ్ ఊళ్లో లేత్ మిషన్ పని, రోజూ రైల్లో పోయి వస్తాడు. ఆయాసం, కాళ్ల వాపు. పక్కన భార్య కస్తూరి.

ఈసీజీ అంటే పది సెకన్ల పని. ఆ పది సెకన్లలో గుండె ఎలా కొట్టుకుందో కాగితం పట్టీ మీద గీతలుగా వస్తుంది. మొదటి పట్టీలో మూడు వెడల్పాటి గీతలు మధ్యలో అడ్డంగా దూరినట్టు పడ్డాయి. మనిషి కదిలాడనుకున్నాను.

“కదలకప్పా! బొమ్మ మాదిరి పడుకో” అని కసిరాను.

“కదల్లేదు సిస్టర్” అన్నాడు.

నేను నమ్మితే కదా! రెండో పట్టీలోనూ అలాంటివే రెండు. వైరు లూజేమోనని సర్ది, ఊపిరి బిగబట్టమని మూడోది తీశాను. నీటుగా వచ్చింది. మొదటి రెండూ చింపి బుట్టలో పడేసి, మూడోది ఫైల్లో అంటించాను. మా పనిలో చాలామంది చేసేదే అది. వంకర గీతలున్న పట్టీ పెడితే డాక్టర్లు మనల్నే తిడతారు.

డాక్టరుగారు ఎకో చేశారు, అంటే గుండెకు స్కాన్. గుండె సాగి, కండ బలహీనపడి ఉంది. ఒక్కో దెబ్బకు ఎంత రక్తం బయటికి తోస్తుందో చెప్పే లెక్క, ఈఎఫ్, మామూలుగా అరవై శాతం దాకా ఉండాలి. ఇతనికి ముప్పై అయిదు.

“ఎక్టోపిక్స్ ఏమైనా ఉన్నాయామ్మా?” అని అడిగారు. గుండె తన వంతు రాకముందే అదనంగా కొట్టే దెబ్బను ఎక్టోపిక్ అంటారు. అప్పుడప్పుడు ఒకటీ అరా చాలామందికి వస్తాయి, ఏమీ కాదు.

“లేవు సార్, నీటుగా ఉంది” అన్నాను.

వారం తర్వాత మద్రాసులో తీయించిన యాంజియో రిపోర్టు తెచ్చారు, రక్తనాళాలు బాగానే ఉన్నాయి. షుగరు లేదు, బీపీ లేదు. మరి ఈ వయసులో కండ ఎందుకు చెడింది? డాక్టరుగారు తాగుడు సంగతి అడిగారు. చుక్క కూడా ముట్టనన్నాడు మునిరత్నం. నాకు లోపల నవ్వొచ్చింది. అందరూ అనేది అదేగా!

అతను మందుల కోసం వెళ్లినప్పుడు కస్తూరిని పక్కకు పిలిచాను.

“మీ ఆయన ట్రైన్ ఎన్నింటికి వస్తాది?”

“ఆరున్నరకు అక్కా. ఇంటికొచ్చేసరికి ఏడున్నర అయితాది.”

“స్టేషన్నించి ఇల్లెంత దూరం?”

“పది నిమిషాలు.”

“మిగతా సేపు యాడుంటాడో ఎప్పుడైనా అడిగినావా?”

ఆ పిల్ల మొహం మాడిపోయింది. నాకు పోలీసు బుద్ధి కాకపోతే ఆ మాట ఎందుకు?

నెల తిరిగేసరికి మళ్లీ వచ్చారు. కస్తూరి మొగుడికి రెండు కుర్చీల అవతల కూర్చుంది. “పెరియపాళయం తీసుకుపోయి అమ్మవారి ముందర ఒట్టు వేయించినానక్కా, ఇంక తాగనని. వేసినాడు. తాగకపోతే ఎందుకేస్తాడు?” అంది నాతో.

ఈసీజీ గదిలో అతన్నే నిలదీశాను. “తాగనన్నావు, మరి ఒట్టెందుకు వేసినావు?”

“ఏం జేసేది సిస్టర్? బిడ్డను దీసుకొని ఆర్.కె.పేటకు, అమ్మగారింటికి పోతాననింది. ఎప్పుడూ తాగనోడు ఒట్టేస్తే ఏం పోతాది? వేసేసినాను.”

“ఆ గంట యాడుంటావు మరి?”

“స్టేషన్లో మెట్ల బ్రిడ్జి ఎక్కేసరికి పానం పోతాది. బెంచీ మీద కూసుంటాను. చెబితే భయపడతాదని చెప్పలా.”

అప్పటికీ పూర్తిగా నమ్మలేదు నేను. కళ్లలో కళ్లు పెట్టి చూస్తూ, ఊరికే మణికట్టు పట్టుకున్నాను. వేళ్ల కింద నాడి రెండు దెబ్బలు కొట్టి ఆగింది. మళ్లీ రెండు కొట్టి ఆగింది. వైరు లేదు, కదలడం లేదు. మిషన్ ఆపకుండా నిమిషం పాటు పట్టీ తీశాను. పొడుగునా అవే వెడల్పాటి గీతలు, అన్నీ ఎక్టోపిక్సే.

పట్టీ పట్టుకుపోయి డాక్టరుగారికి చూపించి, చింపేసిన రెండింటి సంగతీ చెప్పేశాను. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. హోల్టర్ పెట్టాం. ఒక రోజంతా ఒంటికి తగిలించి ప్రతి దెబ్బనూ రాసే చిన్న పెట్టె అది. మొత్తం దెబ్బల్లో పావు వంతు పైగా ఎక్టోపిక్సే.

“కండ చెడి ఇవి వచ్చాయో, ఇవి రోజూ కొట్టీ కొట్టీ కండ చెడిందో ఇప్పుడే చెప్పలేం. ఇవి ఆగాక కండ కోలుకుంటే, ఇవే కారణమనుకోవచ్చు” అన్నారు డాక్టరుగారు.

మద్రాసు పెద్దాసుపత్రిలో అబ్లేషన్ చేశారు. తొడ దగ్గర నుంచి సన్నటి వైరు గుండెలోకి పంపి, దొంగ దెబ్బ పుట్టే చోటును కాల్చేయడం. ఆరు నెలల తర్వాత ఎకోలో ఈఎఫ్ యాభై అయిదు. నేను ఆనందం పట్టలేక గది బయటికి పరుగెత్తాను.

కస్తూరి నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది. “మీరు ఆ పొద్దు చెప్పబట్టే అక్కా. తాగడం మానినాడు, గుండె బాగైపాయె.”

“అయ్యో, అది కాదమ్మా! ఆయన ఎప్పుడూ తాగలేదు. తప్పు నాదే” అని పట్టీల కథంతా చెప్పాను. చిరునవ్వుతో విన్నది.

“మీది మంచి మనసక్కా. ఆయన పరువు పోకుండా మాట్లాడతా ఉండారు” అంది.

నేను మళ్లీ నోరు తెరవబోతే, మునిరత్నం తల అడ్డంగా ఊపాడు. ఆమె మందుల చీటీ తీసుకుని అటు వెళ్లాక మెల్లగా అన్నాడు: “వదిలెయ్ సిస్టర్. మానినానని సంతోషంగా ఉండాది. చుట్టాలందరికీ చెప్పుకుంటా ఉండాది.”

ఇప్పుడు ఎవరిమీద అనుమానం వచ్చినా ముందు నా పనిని అనుమానిస్తాను. అది నేర్చుకున్నందుకు నాకు మేలే జరిగింది. మునిరత్నం మాత్రం ఊళ్లో ఇప్పటికీ తాగుడు మానేసిన మనిషే.