వెనక చూడుడు

ఆ ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. కాగితం మీద ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. అందుకే ఊరంతా ఆవిడని రిమార్కులమ్మ అనేవారు. ముఖాన అన్నా ఆవిడ ఏమీ అనుకునేది కాదు. అన్నవాళ్ళ పేరు పక్కన ఆ ముక్క కూడా రాసుకునేది, అంతే.

కొత్తరకం ఫ్లూ ఊళ్ళోకి దిగిన వారం అది. నర్సమ్మ ఇల్లిల్లూ తిరిగి, జ్వరం చూసి, ఇంటికో ఫారం నింపి తేవాలి. ఆ లెక్క నాలుగింటికల్లా డాక్టరు పై ఆఫీసుకి పంపాలి. ఫారంలో జ్వరానికో గడి, దగ్గుకో గడి, చివర రిమార్కులకి బొటనవేలంత గడి. అక్కడ మొదలుపెట్టి నర్సమ్మ అంచులన్నీ చుట్టబెట్టి, చోటు చాలక అడుగున 'వెనక చూడుడు' అని రాసి, వెనక్కి వెళ్ళిపోయేది.

డాక్టరు చేరి ఆర్నెల్లయింది. చురుకైనవాడు, మంచివాడు. రిమార్కుల దగ్గర మాత్రం ఒళ్ళు మండేది.

"ఏంటమ్మా ఇది? రెండో వీధి బామ్మగారికి జ్వరం, సరే. 'కళ్ళజోడు విరిగింది. కోడలితో మాటల్లేవు. పిల్లికి నాలుగు పిల్లలు.' జ్వరానికీ పిల్లికీ ఏంటి సంబంధం?"

"ఏమోనండి. చోటుంది."

"చోటుంటే రాసేస్తారా?"

"చోటు చాల్లేదు డాక్టరుగారూ. వెనక చూడండి."

ఆయన చూడలేదు. ఆ సాయంత్రమే పై ఆఫీసు నుంచి ఫోను. ఒక్క ఇంట్లో ఐదు కేసులేమిటి, ఆ వీధి మూసెయ్యాలా అని ఒకటే గోల. తీరా చూస్తే, లెక్క ఎక్కించే గుమాస్తా పిల్లి పిల్లల్ని కూడా బామ్మగారితో కలిపి కూడేశాడు.

"అవి పిల్లులండీ" అని పై అధికారికి మూడుసార్లు చెప్పుకునేసరికి డాక్టరుకి తల కొట్టేసినట్టయింది. నర్సమ్మని వీధుల నుంచి తప్పించి మందుల గదిలో కూర్చోబెట్టమని అప్పటికప్పుడు ఉత్తరం రాశాడు. సంతకం పెట్టబోతుంటే తుమ్మొచ్చింది. దాని వెనక ఇంకో పదకొండు.

మర్నాడు కేంద్రం మీదున్న తన గదిలో, ఉత్తరం జేబులోనే పెట్టుకుని, ముసుగుతన్ని పడుకున్నాడు. నర్సమ్మ మాస్కు కట్టుకుని వచ్చింది.

"జ్వరం నూట రెండు. దగ్గుంది. ఇంట్లో చెప్పారా?"

"ఎందుకూ? మామూలు జ్వరమేగా."

"నిద్ర పట్టిందా?"

"హాయిగా."

ఆవిడ ఆయన కళ్ళకేసి ఒకసారి చూసి రాయడం మొదలుపెట్టింది. రాసింది, రాసింది, కాగితం తిరగేసి కూడా రాసింది. తర్వాత వారం రోజుల ఫారాల కట్ట సంతకాలకని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

చేసేదేం లేక డాక్టరు మొదటిసారి ఒక ఫారం వెనక్కి తిప్పాడు. బామ్మగారిదే. రిమార్కులన్నీ మళ్ళీ అక్కడ వరుసగా ఉన్నాయి, పక్కన ఎర్రపెన్సిలు టిక్కులతో.

'మాత్ర పేరు చదవలేకపోతోంది. కళ్ళజోడు అతికించాను. టిక్కు.'

'వేడినీళ్ళిచ్చే దిక్కులేదు. కోడలితో మాట కలిపాను. టిక్కు.'

'పిల్లి పిల్లల్ని వదిలి ఆస్పత్రికి రానంటోంది. పిల్లుల్ని మా ఇంటికి తెచ్చాను. టిక్కు. బామ్మ ఆస్పత్రిలో చేరింది. ఊపిరి కుదుటపడింది.'

డాక్టరు ఒక్కో ఫారం తిప్పుతూ పోయాడు. టిక్కు లేనివి ఇంకా పదహారున్నాయి. ఆవిణ్ణి మందుల గదిలో కూర్చోబెడితే ఆ పదహారిళ్ళకీ వెళ్ళేదెవరు? సిగ్గుతో ఆయన చెవులు జ్వరం కంటే ఎక్కువ వేడెక్కాయి.

అట్టడుగున తన ఫారం ఉంది. 'వెనక చూడుడు.' చూశాడు.

'హాయిగా నిద్రపోయాడట, అబద్ధం. భయపడుతున్నాడు. వాళ్ళమ్మకి చెప్పలేదు.' టిక్కు లేదు.

అంతలో ఫోను మోగింది.

"ఏరా! జ్వరమొస్తే అమ్మకి చెప్పాలని తెలీదూ? డాక్టరువి కూడానూ!"

"నీకెవరు చెప్పారమ్మా?"

"మీ నర్సమ్మ. అంత మంచావిడ ఉందని ఒక్కసారైనా చెప్పావా?"

అరగంట చివాట్లు తిన్నాక డాక్టరుకి ప్రాణం లేచొచ్చింది. జేబులో ఉత్తరాన్ని చించి చెత్తబుట్టలో వేశాడు. తన ఫారం మీద తనే టిక్కు పెట్టుకున్నాడు. అడుగున ఇంకా కాస్త చోటుంది. చెయ్యి ఊరుకోలేదు.

'నర్సమ్మ వీధుల్లోనే ఉండాలి. పిల్లి పిల్లల్లో ఒకటి నాకు కావాలి.'