మాణిక్యాంబ కోసిన గుడ్డబిళ్లలు

గుడ్డబిళ్లల సంచి మాణిక్యాంబ భుజానికి తగిలి వంటింటి గచ్చు మీద పడింది. పడగానే మూతి విచ్చుకుంది. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా, గుండ్రంగా కత్తిరించిన తెల్లటి గుడ్డముక్కలు ఫ్రిజ్ కిందికీ, పొయ్యి కిందికీ చెల్లాచెదురయ్యాయి.

విసిరింది బాబా. గల్ఫ్‌లోని రస్ అల్ ఖైమాలో ఆ ఇంటి యజమాని. డెబ్బయ్యేళ్ల మనిషి. ఆ పొద్దున షూటింగ్ క్లబ్బు పోటీలో అందరికంటే ఆఖరున నిలిచి, నేరుగా వంటింట్లోకే వచ్చాడు.

"హిమార్! గాడిదా! ఒక్క గుడ్డముక్క తిన్నగా కొయ్యడం రాదా నీకు?"

ఆయన వెనక గుమ్మంలో కోచ్ నిలబడి ఉన్నాడు. బాబాకు గురి నేర్పడానికి వారానికి రెండుసార్లు వచ్చే మనిషి. "చేత్తో కోస్తే అంతే సార్. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. గుండు ఎటు పోతుందో ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు మెల్లగా, జాలి పడుతున్నట్టు.

మాణిక్యాంబకు చెవులు వేడెక్కాయి. కోత తేడా అట! ముమ్మిడివరంలో ఇరవయ్యేళ్లు జాకెట్లు కుట్టిన చెయ్యి తనది. పెళ్లికూతురి జాకెట్టు మెడ కొలత లేకుండా కంటితో చూసి కోసిన చెయ్యి. ఈ ఇంటికొచ్చి పద్నాలుగేళ్లయింది. వండింది, తుడిచింది, బాబా తల్లి పోయేదాకా ఆవిడకు స్నానం చేయించింది. ఇన్నేళ్లలో ఎవరూ ఆమె మీద వస్తువు విసరలేదు. ఒక తుపాకీ వచ్చాక విసిరారు.

ఆ తుపాకీ 2021లో వచ్చింది. కరోనా రోజుల్లో ఇంట్లో కూర్చుని ఫోన్‌లో వీడియోలు చూసీ చూసీ బాబాకు ఆ పిచ్చి పట్టింది. పాతకాలపు తరహా రైఫిల్. మన వైపు నాటు తుపాకీలాగే మూతి నుంచి మందు పోసి, గుండు పెట్టి, కడ్డీతో దట్టించాలి. కాకపోతే దీని గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. సీసపు గుండును నూనె రాసిన గుడ్డబిళ్లలో చుట్టి దింపితే, ఆ గుడ్డ గాడుల్ని పట్టుకుని గుండును బొంగరంలా తిప్పి వదులుతుంది. గుడ్డ బాగుంటే గుండు తిన్నగా పోతుంది. లైసెన్సు తెచ్చుకుని తుపాకీని క్లబ్బులోనే ఉంచేవాడు. బిళ్లలు కోసే పని మాత్రం మాణిక్యాంబకు పడింది.

గుడ్డ తెచ్చింది కోచ్. తెల్లగా, మెత్తగా, కొంచెం మెరుస్తూ ఉంది. మాణిక్యాంబ వేళ్ల మధ్య నలిపి చూసింది. అనుమానమొచ్చి ఒక దారం లాగి పొయ్యి మంటకు చూపించింది. నూలైతే కాలి బూడిద కావాలి. ఇది ముడుచుకుని నల్లటి పూస కట్టింది. వెంటనే వెళ్లి బాబా కోడలు ఫైజాకు చూపించింది. ఇంటి యజమానురాలిని అక్కడి పనివాళ్లు 'మామా' అనే పిలుస్తారు.

"మామా, ఇది నూలు కాదు. పాలిస్టర్ కలిసింది. నిప్పు తగిలితే కరుగుతుంది."

ఫైజా ఫోన్ నుంచి తల ఎత్తలేదు. "కోచ్‌కు తెలియదా నీకు తెలిసింది? నువ్వు కొయ్యి, ఖలాస్."

కోసింది. నాలుగు నెలలు కోసింది. ఇప్పుడు ఆ గుడ్డముక్కలే గచ్చు మీద నుంచి ఏరుకుంటోంది. ఏరుతూ పళ్లు కొరుక్కుంది. ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదేమో. ఒక్కటే మాట మనసులో తిరుగుతోంది: నేను ముందే చెప్పాను.

మరుసటి శనివారం పొద్దున క్లబ్బుకు గాహ్వా కాఫీ ఫ్లాస్కులూ, ఖర్జూరం పళ్లేలూ పట్టుకుని ఆమె కూడా వెళ్లింది. అక్కడ తుపాకులు చూసుకునేవాడు ఇర్షాద్. నిజామాబాద్ వైపు మనిషి, తెలుగు వినబడితే ప్రాణం లేచొచ్చే మనిషి. కాల్పులు ఆపి గురి కాగితాలు మార్చే సమయంలో ఆమె అతని వెంట మైదానంలోకి నడిచింది.

"అక్కా, గీడికెందుకొచ్చినవ్? ఎండ చూడు ఎట్లుందో," అన్నాడు ఇర్షాద్.

"నేను కోసిన గుడ్డలు ఏమైనాయో చూడాలి, తమ్ముడూ."

తుపాకీ మూతికి పది పదిహేను అడుగుల దూరంలో, ఇసుకలో పడి ఉన్నాయి. గుండుతో పాటు బయటికొచ్చి రాలిపోయిన బిళ్లలు. ఆమె వంగి ఒక్కొక్కటీ ఏరి కొంగులో పోసుకుంది. నీడలోకి వచ్చి బల్ల మీద పరిచింది. ఒక్కటీ నిండుగా లేదు. నడుమ పెద్ద చిల్లు. చిల్లు అంచు గట్టిగా, నల్లగా, గోటికి గీరుకునేలా ఉంది.

"చూడు. కాలిన నూలు ఇలా గట్టిపడుద్దా? కరిగిపోయింది. గుండు గొట్టం దాటకముందే గుడ్డ లేదు. ఇంక ఏం పట్టుకుని తిరుగుద్ది?"

ఇర్షాద్ ఒక బిళ్ల తీసుకుని గోటితో గీరాడు. "నేను ఇన్ని దినాలు గొట్టం ఖరాబున్నదనుకున్న అక్కా. నన్ను కూడా తిట్టిండ్రు," అన్నాడు.

ఆ మాటతో ఆమె కోపానికి ఒక దారి దొరికింది. నఖీల్ బజారులో దర్జీ దుకాణం నడిపే అక్తర్ బీ దగ్గరికి వెళ్లి పరుపులకు వాడే చారల గుడ్డ అడిగింది. దగ్గర నేత, అచ్చమైన నూలు. దాన్ని వేడినీళ్లలో రెండుసార్లు ఉడికించి గంజి వదిలించింది. ఆరేసి, ఇస్త్రీ చేసి, సీసా మూత పెట్టి గీసి కోసింది. పని చేస్తున్నంతసేపూ దవడ బిగించే ఉంది. కత్తెర పడ్డ ప్రతిసారీ ఆమెకు కోచ్ మొహమే కనబడేది.

మొదటి గుడ్డ దళసరైపోయింది. గుండు మూతి దగ్గరే బిగుసుకుంది. ఇర్షాద్ కొట్టి కొట్టి దింపితే మెత్తటి సీసం సొట్టపోయింది. అదీ తిన్నగా పోలేదు. కొంచెం పలచటిది తెచ్చింది. ఈసారి బిళ్లలు కాలలేదు గానీ నడుమ కత్తితో కోసినట్టు చీలాయి.

"నూనె మారుద్దాం, మందు కూడా తగ్గిద్దాం," అన్నాడు ఇర్షాద్.

"రెండూ ఒకేసారి మార్చకు. చంక దగ్గర బిగిస్తే చంకే విప్పాలి. జాకెట్టంతా విప్పితే తప్పెక్కడుందో ఎలా తెలుస్తాది?"

గుడ్డ చీలిన గుర్తులు గాడులు ఎన్నున్నాయో అన్నే ఉన్నాయి. గొట్టం మూతి అంచు పదునుగా ఉండి, దింపేటప్పుడే గుడ్డను కోస్తోందని తేలింది. ఇర్షాద్ బాబాను అడిగి, సన్నటి గరుకు కాగితం బొటనవేలికి చుట్టి, ఆ అంచును రెండు పూటలు నెమ్మదిగా నునుపు చేశాడు. తేనెమైనం కరిగించి ఆలివ్ నూనెలో కలిపి బిళ్లలకు పట్టించే పని ఆమె తీసుకుంది. ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ కాకుండా పట్టించింది. మందు ప్రతిసారీ ఒకే కొలతతో పొయ్యడం, ప్రతి గుండు తరువాత తడిగుడ్డతో గొట్టం తుడిచి మసి తియ్యడం, ఒకే బలంతో దట్టించడం ఇర్షాద్ చూసుకున్నాడు. పరీక్షకు కాల్చే అనుమతి అతనికి ఉంది.

మూడో శనివారానికి బిళ్లలు నిండుగా దొరికాయి. నడుమ మసి, చుట్టూ గాడుల అచ్చు, అంచున కాస్త పీచు. అంతే. ఆ పొద్దున బాబా యాభై మీటర్ల నుంచి అయిదు గుండ్లు కాల్చాడు. అయిదూ టీ సాసరంత చోట పడ్డాయి.

ముసలాయన చిన్నపిల్లాడిలా ఆ కాగితం పట్టుకుని అందరికీ చూపించాడు. మధ్యాహ్నం క్లబ్బు మజ్లిస్ హాల్లో పదిమంది స్నేహితులు కూర్చున్నారు. మాణిక్యాంబ గాహ్వా పోస్తోంది.

"ఎలా సాధించావు?" అని ఒకాయన అడిగాడు.

బాబా కోచ్ భుజం మీద చెయ్యి వేశాడు. కోచ్ గొంతు సవరించుకున్నాడు. "గుడ్డలో దోషముందని కనిపెట్టాను. మార్పించాను. గొట్టం అంచు కూడా సరి చేయించాను."

మాణిక్యాంబ ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది. గట్టిగానే పెట్టింది. ఫింజాన్ కప్పులు కదిలి మోగాయి.

"అబద్ధం," అంది అరబిక్‌లో. తరువాత అరబిక్ చాలక హిందీలోకి దిగింది. "చెడ్డ గుడ్డ తెచ్చింది ఈయన. పనికిరాదని మొదటిరోజే చెప్పాను. ఎవరూ వినలేదు. నన్ను గాడిద అన్నారు. మంచి గుడ్డ తెచ్చింది నేను. అంచు నున్నగా చేసింది ఇర్షాద్. ఈయన ఒక్కరోజైనా ఇసుకలోకి వంగి చూశాడా?"

కోచ్ నవ్వాడు. "అవునవును, చాలా సాయం చేసింది. మంచి మనిషి," అన్నాడు.

ఆ నవ్వు ఆమెకు సంచి దెబ్బ కంటే ఎక్కువ తగిలింది. బాబా వైపు చూసింది. ఆయన గాహ్వా ఫింజాన్‌లోకి చూస్తున్నాడు. మామగారితో వచ్చి ఓ మూల కూర్చున్న ఫైజా లేచి, "మాణిక్యా, బండిలో కూర్చో. యల్లా!" అంది.

మర్నాడు బాబా వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "షుక్రన్, మాణిక్యా, థాంక్స్. నాకు తెలుసు," అన్నాడు.

"తెలిస్తే అక్కడ చెప్పాలి బాబా. ఇక్కడ ఉల్లిపాయలకు చెబితే ఏం లాభం?"

ఆయన వెనుదిరిగాడు. ఆమె కత్తెర తీసి సొరుగులో పెట్టేసింది. వండింది, తుడిచింది, ఇస్త్రీ చేసింది. బిళ్లలు మాత్రం కొయ్యలేదు. ఫైజా రెండుసార్లు అరిచింది, ఇంటికి పంపించేస్తానంది. "పంపించండి. నా చెయ్యి కొయ్యదు," అంది మాణిక్యాంబ. ఆ మే నెలలో వీసా గడువు తీరింది. కొత్త వీసా కాగితం మీద ఆమె సంతకం చెయ్యలేదు. బాబా అడ్డు చెప్పలేదు. ఆఖరి రోజు గది నుంచి బయటికి కూడా రాలేదు.

ఇప్పుడామె అక్తర్ బీ తీయించిన వీసా మీద ఆ దుకాణంలోనే కుడుతోంది. అబాయాలు, జాకెట్లు, బడిపిల్లల యూనిఫాంలు. పోయిన చలికాలం ఇర్షాద్ ఒక సాయంత్రం వచ్చాడు. టీ తాగుతూ ఫోన్ తీసి ఫోటోలు చూపించాడు. ఇసుకలో పడిన కొత్త బిళ్లలు. కోచ్ ఎక్కడి నుంచో నూలు గుడ్డే తెప్పించాడట. బాబా గుండ్లు మళ్లీ ఎటుపడితే అటు పోతున్నాయట.

"ఏం తప్పయిందక్కా? ఒక్క మాట చెప్పరాదూ?"

ఆమె ఒక్క చూపుకే పోల్చుకుంది. గంజి వదిలించకుండా కోశారు. నూనె పైపైన నిలిచిపోయి లోపలికి ఇంకలేదు. అందుకే మధ్యలో ఎర్రగా మాడింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పాలని అంతగా అనిపించినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

"నాకేం తెలుసు తమ్ముడూ. ఆ కోచ్‌నే అడుగు," అంది.

ఇర్షాద్ గ్లాసు కడిగి పెట్టి వెళ్లిపోయాడు. మాణిక్యాంబ మిషను తొక్కుతూనే ఉంది. కుట్టు వంకర పోయింది. విప్పి మళ్లీ మొదలుపెట్టింది.