కారం తినని ఫ్రాన్స్ రైతు

నా చిన్నప్పుడు అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదని మా ఇంట్లోవాళ్లు అంటారు. ముప్పై దాటింది, మోకాలి నొప్పి మొదలైంది. ఈ రెండు అర్హతలూ సరిపోతాయనుకుంటాను.

మాది భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఊరు. మా తాతయ్య మిర్చి రైతు. ఒక ఏడు పంట చేతికొచ్చే వేళకు ఆయన కడుపులో పుండు పడింది. నెల రోజులు కారం ముట్టకూడదన్నాడు డాక్టరు. ఇంటి ముందు కల్లంలో మిర్చి ఎర్రగా ఆరుతుంటే, లోపల దాన్ని పండించినాయన పాలల్లో బ్రెడ్డు ముంచుకుంటూ కూర్చున్నాడు. మా వైపు బ్రెడ్డు అంటే జ్వరమొచ్చినవాళ్లు తినేది. ప్యాకెట్ అడిగితే చాలు, కొట్టతను "ఎవలికి బాగలేదు?" అనేవాడు.

తాతయ్య రెండు రోజులు తిని మూడో రోజు గిన్నె పక్కకు జరిపాడు. "గిది రోగిష్టోళ్ల కూడు. నేను రోగిష్టోన్ని గాదు" అన్నాడు, గోడకు ఆనుకోకుండా కూర్చోలేని మనిషి. వారం తిరిగేసరికి ఆయన నడుం మీద పంచె నిలవడం మానేసింది. ఇట్లాగే ఉంటే ఖమ్మం పెద్ద దవాఖానాలో చేర్చాల్సిందేనన్నారు. నాయనమ్మ పొయ్యి ముందు కూర్చుని, పొగ వంక పెట్టుకుని ఏడ్చేది.

నేను ఏడవలేదు. నా దగ్గర ఉపాయం ఉంది. అగ్గిపెట్టెలో ఇంత కారం పోసి, ఎవరూ చూడకుండా తాతయ్యకు అందించాను. ఆయన ఆ పూట గిన్నెడు అన్నం తిని నా తల నిమిరాడు. సాయంత్రానికి కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు. భయంతో ఆ అగ్గిపెట్టెను గడ్డివాములో దాస్తుంటే పక్కింటి అక్క చూసింది. తెరిచి వాసన చూసి, రెండుసార్లు తుమ్మి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆ అక్క భద్రాచలంలో ఏదో ఆఫీసులో పనిచేసేది. ఇంగ్లీషు మెరుగుపడాలని పాత పేపర్ల కొట్టులో మ్యాగజైన్లు కొని చదివేది. మర్నాడు వాటిలో ఒకటి పట్టుకుని మా ఇంటికొచ్చింది. అందులో ఫ్రాన్సులో ఇళ్లల్లో వండుకునే వంటలున్నాయి. ఫ్రాన్సు వంటంటే పొడుగు టోపీలు, వెండి మూతలు ఉంటాయనుకున్నాం. ఉన్నవేమో ఆలుగడ్డలు, ఉల్లికాడలు, వెన్న, పాలు. ఉల్లికాడలు వెన్నలో సన్నటి సెగ మీద మగ్గాలి. ఆలుగడ్డలు అందులోనే నీళ్లు పోసి ఉడికాక మెదిపి పాలు పోస్తే సూపు. దేనితో మెదపాలో అక్క పుస్తకంలో వెతుకుతుంటే నాయనమ్మ పప్పుగుత్తి తీసింది.

"గింతేనా? దీనికి పుస్తకమెందుకే పిల్లా?"

నాయనమ్మ ధీమా బాగానే ఉంది గానీ, చెయ్యి మాత్రం అలవాటుగా కారం డబ్బా మీదికి పోతూనే ఉంది. అక్క ఆ డబ్బా తీసి నా ఒళ్లో పెట్టి, వాకిట్లో కాపలా కూర్చోమంది. ఊరంతటిలో ఆ పనికి నన్నే ఎందుకు ఎంచుకుందో నాకు అర్థమైంది. కదలకుండా కూర్చున్నాను.

సూపు తయారయ్యాక అక్క గిన్నె కంటే ముందు మ్యాగజైన్ తాతయ్య ముందు పెట్టింది. అందులో టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు గిన్నె ముందు కూర్చుని ఉన్నాడు.

"ఎవలు బిడ్డా ఈయన?"

"ఫ్రాన్సుల రైతు తాతా. పొలంల పని చేసొచ్చి రోజూ గిదే తింటడు."

"ఏం రోగమంట?"

"ఏ రోగం లేదు."

"ఏ రోగం లేకుండనే, కారం లేకుండ తింటడా?"

"అవ్."

తాతయ్య ఆ బొమ్మను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. "గ్లాసుల ఎర్రగ ఏందది?" అన్నాడు ఆశగా. దానిమ్మ రసమని అక్క రెప్ప వేయకుండా చెప్పింది.

"పాపం, వాళ్ల దిక్కు మిర్చి పండదేమో" అంటూ తాతయ్య చెంచా తీసుకున్నాడు. "మన కల్లంల నుంచి ఒక బస్తా పంపితే బాగుండు." ఆ జాలితోనే గిన్నె ఖాళీ చేశాడు. గట్టిపడిన బ్రెడ్డును వెన్నలో కాల్చి పైన వేస్తే, అది బ్రెడ్డని కూడా అనుకోలేదు. నెల తిరిగేసరికి పంచె మళ్లీ నడుం మీద నిలబడింది. ఆయన కారం తినడం మొదలుపెట్టాక కూడా వారానికోసారి "ఫ్రాన్సాయన కూడు" వండమని అడిగేవాడు.

పదో తరగతిలో నా ఇంగ్లీషు కాస్త దారిలో పడ్డాక మా ఇంట్లోనే ఉండిపోయిన ఆ మ్యాగజైన్‌లో బొమ్మ కింద అక్షరాలు చదివాను. ఆయన రైతు కాదు, చెప్పులు కుట్టే దుకాణం యజమాని. ఏడాదికి ఒకసారి, పండగకి, ఆ సూపు తాగుతాడట. పరుగున వెళ్లి అక్కను నిలదీశాను. అక్క బట్టలు ఆరేస్తూ వెనక్కి తిరగకుండానే అంది:

"నీ అగ్గిపెట్టె సంగతి నేను ఎవలికన్న చెప్పిన్నా?"

నేనూ ఎవరికీ చెప్పలేదు. తాతయ్య చివరిదాకా ఆ రైతును తలుచుకుని జాలిపడుతూనే ఉన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరికి పథ్యం చెప్పినా పప్పుగుత్తి తీసేది నేనే. ఇది తినాలి, అది తినకూడదు అని చెప్పను. ఒక గిన్నె ఎక్కువ వండి, ఏ రోగమూ లేని మనిషిలా వాళ్ల పక్కన కూర్చుని నేనూ అదే తింటాను.